సగం కంచం

జూన్ 4

నాన్నా,

నేను మిఠాయిలు తినీ తినీ షుగర్ తెచ్చుకున్నానని నువ్వు కూడా నమ్మేశావన్నమాట. అమ్మ నమ్మితే సరే, ఆవిడ లెక్కలో వాన కురవకపోయినా తప్పు నాదే. మామయ్య నమ్మితే సరే, ఆయన దృష్టిలో నేను కాలేజీలో చదవడమే ఒక జబ్బు. కానీ నువ్వు వంటవాడివి. కంచం చూసి మనిషి ఆకలి ఎంతో చెప్పగలవు. "ఆ కాంటీన్ చిరుతిళ్ళు మానెయ్యమంటే విన్నావు కాదు" అని నువ్వు రాయొచ్చా?

మన ఇంట్లో నా గురించి ఒక మాట పుట్టిందంటే ఇక దానికి చావు లేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఒక పూట అన్నం వద్దన్నాను. అప్పటినుంచీ నేను తిండి దగ్గర పొగరు చూపించే పిల్లని. ఇప్పుడు ఆరో నెలలో ఆకలేస్తోందంటే నోరు కట్టుకోలేని పిల్లని. ఈ ఇద్దరు పిల్లలూ ఒకే ఒంట్లో ఎలా ఇమిడారో ఎవరూ అడగరు. ఆ ఒళ్ళు చూద్దామా అంటే కడుపు తప్ప ఏమీ లేదు. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ నన్ను చూసింది, మళ్ళీ కాగితం మీద పేరు సరిచూసుకుంది. ఇంత సన్నటి మనిషికి ఇంత షుగరా అని.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటంటావేమో. ఈ రెండు గదుల్లో నేను ఫోన్‌లో "హలో" అంటే చాలు, అమ్మ వచ్చి పక్కన కూచుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. బియ్యంలో రాళ్ళుండవు. అయినా ఏరుతుంది. నేను ఏమన్నా "ఏమంటున్నారు?" అని నన్నే అడుగుతుంది. అందుకే ఇది రాసి స్లైడ్ల అక్క చేత పోస్టు చేయిస్తున్నాను. మా లాబ్‌లో నా సీనియర్, గాజు పలకల మీద కొవ్వు ముక్కలు అంటించి రంగులద్దేది, ఆవిడే. శనివారాలు వచ్చి పలకరించి పోతుంది. నువ్వు కూడా జవాబు లాబ్ అడ్రసుకే రాయి.

లాబ్ గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది. మందుల వాసన కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిది కాదని లాబ్ నడిపే మేడమ్ సెలవిచ్చింది. అక్కడ పొద్దస్తమానం కణాలు లెక్కపెట్టేదాన్ని. ఇక్కడ నాలుగో అంతస్తు కిటికీలోంచి వెనక చాకిరేవు కంపెనీవాళ్ళు ఆరేసిన దుప్పట్లు లెక్కపెడుతున్నాను. కిందికి దిగితే మెట్ల మీద జారతానట. అమ్మ బజారుకు వెళ్తూ బయట తాళం వేస్తుంది. "గాలికి తలుపు తెరుచుకుంటుంది కదే" అంటుంది.

నీతో ఒక్క పని. నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మ ఏం తినేది? డాక్టరమ్మ అడిగింది. అమ్మనడిగితే "గాలి తిన్నాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నీకు గుర్తుండాలి. నిజం రాయి.

మీ అల్లుడికి వేరే రాస్తున్నాను. ఆయన అక్కడ సొరంగం పనిలో క్రేన్ ఎక్కి కూచున్నప్పుడు నా ఉత్తరాలు చదవొద్దని చెప్పు.

నీ పిచ్చుక


జూన్ 15

నా బంగారు పిచ్చుకకి నాన్న రాసేది,

ఉత్తరం అందింది. నీకు కోపం వచ్చిందని అర్థమైంది. మిఠాయిల సంగతి మీ అమ్మ చెబితే రాశాను తప్ప నా సొంత కవిత్వం కాదు. ఇకమీదట ఆ మాట ఎత్తను, సరేనా?

ఇక్కడ సొరంగం పని జోరుగా సాగుతోంది. మూడు షిఫ్టులు. మూడు వందల మందికి పొయ్యి ఆరకుండా వండుతున్నాం. కొత్త ఇంజనీరు ఒకడొచ్చాడు, పచ్చి ఆకులు తప్ప ఏమీ తినడట. మేకని ఉద్యోగంలో పెట్టుకున్నారని మావాళ్ళు నవ్వుతున్నారు. అల్లుడు బాగున్నాడు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే కూర రెండోసారి వేయించుకున్నాడు. అతనికి దిగులేస్తే అంతే.

నువ్వు అడిగిన దానికి వస్తాను. కాన్పంటే భయం పట్టుకుంది నీకు, అందుకే పాత సంగతులు తవ్వుతున్నావు. భయపడకు. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి నొప్పులు మొదలయ్యాయని చెప్పి నేను నర్సమ్మ కోసం పరిగెత్తానా, మేమిద్దరం వచ్చేసరికే నువ్వు బయటపడి కేరుమంటున్నావు. గుప్పెడంత ఉన్నావు. నా అరచేతిలో పడుకోబెడితే కాళ్ళు మణికట్టు దాటలేదు. అందుకే పిచ్చుకవయ్యావు.

అదంతా మీ నాయనమ్మ చలవ. మా అక్క, నీకు పెద్ద మేనత్త, నువ్వు చూడలేదు. తొలి కాన్పు. బిడ్డ పెద్దదైపోయి అడ్డం తిరిగింది. రెండు రోజులు అరిచింది. మూడో రోజు అరవలేదు. బిడ్డా దక్కలేదు, అక్కా దక్కలేదు. ఆ గది బయట నేను కూచుని ఉన్నాను. అప్పటినుంచీ మా అమ్మ ఒక నియమం పెట్టింది. మన ఇంట్లో కడుపుతో ఉన్న ఆడమనిషికి అయిదో నెల నుంచీ కంచంలో సగమే. బిడ్డ చిన్నగా ఉంటే తల్లి బతుకుతుందని. మీ అమ్మ ఆ మాట జవదాటలేదు, అందుకే ఇవాళ నువ్వూ ఉన్నావు, ఆవిడా ఉంది. కనక మీ అమ్మ ఎలా చెబితే అలా విను. నిన్ను పోగొట్టుకుంటానేమోనని దానికి నిద్రపట్టదు.

నోరు చేదుగా ఉంటోందేమో పాపం. పంచదార కూడదన్నారు కదా, అందుకని మా కొండ తేనె ఒక సీసా పంపిస్తున్నాను. అసలైన తేనె. దీనికి షుగర్‌తో సంబంధం లేదని మా స్టోరుకీపరు కూడా చెప్పాడు.

ఇట్లు, నిన్ను చేతుల్లో ఎత్తిన మీ నాన్న


జూన్ 24

నాన్నా,

తేనె అందింది. మీ స్టోరుకీపరుకి నా నమస్కారాలు చెప్పి, ఇక డాక్టరీ చెయ్యొద్దని చెప్పు. సీసా స్లైడ్ల అక్కకి ఇచ్చేశాను.

మేనత్త సంగతి నాకెవరూ ఇంతవరకూ చెప్పలేదు. మీ అమ్మ మీద నాకు కోపం రావడం లేదు నాన్నా. కూతుర్ని అలా పోగొట్టుకున్న మనిషి ఇంకేం చేస్తుంది? కానీ అప్పుడు కోసి బిడ్డని తీసే ఆసుపత్రి దగ్గర్లో లేదు. ఇప్పుడు నాకు ఉంది, రెండు వీధుల అవతల. నేను కాన్పుకి భయపడి అడగలేదు. కాన్పు తర్వాత యాభై ఏళ్ళ సంగతి అడిగాను.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. నీ వంటశాలే అనుకో. నూనె వచ్చింది, పోసుకోవడానికి సరిపడా పాత్రలున్నాయి, ఏ గోలా లేదు. పాత్రలు చాలకపోతే? పొయ్యి గట్టు మీద, బియ్యం బస్తాల మీద, నేల మీద ఒలుకుతుంది. అడుగుపెట్టినవాడల్లా జారతాడు. ఒంట్లో కొవ్వు కణాలు ఆ పాత్రలే. కొవ్వంటే అందరికీ తిట్టు, కానీ అది దాచుకునే చోటు. ఆ కణాలు తయారవడం తల్లి కడుపులోనే మొదలవుతుంది. చివరి నెలల్లో జోరందుకుంటుంది. అప్పుడు తల్లికి తిండి చాలకపోతే బిడ్డ ఒళ్ళు పొదుపుకి దిగుతుంది. ఉన్నది ముందు మెదడుకి ఇస్తుంది, పాత్రల పని వాయిదా వేస్తుంది. ఆ వాయిదా పూర్తిగా తీరకపోవచ్చు. అలాంటి బిడ్డ పెద్దయి మామూలు తిండే తిన్నా, దాచుకునే చోటు చాలక కొవ్వు లివర్లోకీ కండల్లోకీ ఒలుకుతుంది. ఒలికిన చోట ఇన్సులిన్ మాట చెల్లదు. రక్తంలో చక్కెర నిలిచిపోతుంది. చూడ్డానికి మనిషి సన్నగానే ఉంటుంది. నాలాగా.

ఇది జాతకం కాదు. చిన్నగా పుట్టినవాళ్ళందరికీ షుగర్ రాదు. నాకు ఇందువల్లే వచ్చిందా అని మేడమ్‌ని అడిగితే "ఒక్క మనిషిని చూసి చెప్పలేమమ్మా" అంది. ఆవిడ చెప్పలేని మాట నేనూ చెప్పను. కానీ ఇప్పుడు నా లోపల ఉన్నదాని పాత్రలు ఈ రెండు మూడు నెలల్లో తయారవుతున్నాయి. నా రక్తంలో చక్కెర మరీ ఎక్కువైనా దానికి చేటే, అది ఇంకో రకం చేటు. అందుకే డాక్టరమ్మ రెండూ చెప్పింది. ఇన్సులిన్ వేసుకో, కడుపునిండా తిను. కొంచెం కొంచెంగా, రోజుకి ఆరుసార్లు.

అమ్మ విన్నది మొదటి సగమూ కాదు, రెండో సగమూ కాదు. "షుగర్" అన్న ఒక్క ముక్కే వింది. మీ అమ్మ నియమానికి డాక్టరమ్మ ముద్ర పడినట్టయింది ఆవిడకి. అన్నం వడ్డించి, గరిటె అంచుతో మధ్యకి గీత గీసి, అవతలి సగం తీసి గిన్నెలో వేసేస్తుంది. ఒక్క మెతుకు అటు పడనివ్వదు. "తిండి తగ్గితే షుగరూ తగ్గుతుంది, బిడ్డా చిన్నగా ఉంటుంది, సూదీ అక్కర్లేదు. ఇంత చదువు చదివావు, ఈ మాత్రం తెలీదా?" అంటుంది. రాత్రి పడక గది గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటుంది. నాకేమన్నా అయితే మెలకువ వచ్చేలాగట. నేను మంచినీళ్ళకి లేచినా దాటాల్సింది అమ్మనే.

ఒక్క మాట రాయి అమ్మకి. సగం కంచం వద్దని. అది మీ అమ్మ పెట్టిన నియమం, కొడుకువి నువ్వు తీసేస్తేనే అమ్మ ఒప్పుకుంటుంది. నేను చెబితే పొగరు, డాక్టరమ్మ చెబితే వ్యాపారం. నువ్వు చెబితే చాలు నాన్నా.

ఎదురుచూస్తూ, నీ పిచ్చుక


జూలై 6

అమ్మాయికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రాత్రి షిఫ్టు భోజనాలు అయ్యాక కూడా చదివాను.

చదువుకున్నదానివి, నీకు చెప్పేటంతవాణ్ణి కాను. కానీ మన ఇంట్లో పాత్రలు చాలలేదని రాశావు చూడు, ఆ మాట నా గుండెలో దిగింది. మూడు వందల మందికి వండి పెట్టేవాడు కట్టుకున్నదానికి తిండి పెట్టలేదనేగా నీ మాట? ఆ రోజుల్లో కూడా మన ఇంట్లో డబ్బాలు నిండుగానే ఉన్నాయి. లేక పెట్టకపోవడం కాదు. ప్రాణం మీద ప్రేమతో పెట్టకపోవడం. రెండింటికీ తేడా నీ గాజు పలకల్లో కనబడుతుందో లేదో నాకు తెలియదు.

అల్లుడికి వినిపించాను. "ఆవిడ అన్నది అది కాదేమో మామయ్యా" అన్నాడు. పెళ్ళాం మాట వెనకేసుకొస్తున్నాడని ఊరుకున్నాను.

మీ అమ్మకి కూడా రాశాను. నిన్ను ఒక్క మాట అనలేదు. "పిల్ల తన జబ్బుకి నువ్వే కారణమనుకుంటోంది, కాస్త మెల్లగా మాట్లాడు, మనసు కష్టపెట్టకు" అని రాశాను. తల్లీకూతుళ్ళు కూచుని మాట్లాడుకుంటే అన్నీ సర్దుకుంటాయి.

కోపం లేదు. ఒంట్లో జాగ్రత్త.

మీ నాన్న


జూలై 15

నాన్నా,

సర్దుకున్నాయి. ఎలా సర్దుకున్నాయో చెబుతాను, విను.

నీ ఉత్తరం అమ్మ పొయ్యి దగ్గర నిలబడి చదివింది. పాలు పొంగిపోతున్నా కదల్లేదు. నేనే వెళ్ళి ఆపాను. ఉత్తరం మడిచి జాకెట్లో పెట్టుకుంది. నేను "అమ్మా, నేనలా అనలేదు" అంటే "నువ్వేమన్నావో నాకెందుకులే, పెద్ద చదువులు" అంది. ఆ రాత్రి నాకు సగం వడ్డించి, తన కంచంలో కూడా సరిగ్గా అంతే పెట్టుకుంది. "నువ్వెంతో నేనూ అంతే. నీకు పెట్టకుండా నేను మింగానన్న మాట నాకొద్దు." అప్పటినుంచీ రోజూ ఇదే. గంజి తాగే మనిషిలా ఆవిడ నా ఎదురుగా కూచుని నాలుగు ముద్దలు తిని లేస్తుంటే, నేను ఇంకో గరిటె పెట్టమని ఏ నోటితో అడగను? ఇంతకుముందు నన్నొక్కదాన్నే కట్టేసింది. ఇప్పుడు తనని తాను కూడా నాతో కలిపి కట్టేసుకుంది.

నువ్వు తిండి పెట్టలేదని నేను రాయలేదు. నూనె గురించి రాశాను. ఇంకెప్పుడూ నీకు వంటింటి పోలికలతో ఏమీ చెప్పను.

ఇన్సులిన్ సంగతి. మన ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడటం లేదట. మందు పాడవుతుందని ఎదురింటి టైలరమ్మ ఫ్రిజ్‌లో పెట్టి వచ్చింది. ఇప్పుడు సూది వేసుకోవాలంటే అమ్మని అడగాలి, అమ్మ తాళం తీయాలి (ఇప్పుడు తను ఇంట్లో ఉన్నా తలుపుకి తాళమే), వసారా దాటి టైలరమ్మ తలుపు కొట్టాలి, ఆవిడ కస్టమర్ల ముందు ఫ్రిజ్ తెరవాలి. ప్రతిసారీ అమ్మ అడుగుతుంది, "ఇవాళ అక్కర్లేదేమో చూడు."

అసలు విడ్డూరం విను. నా వేలు పొడిచి షుగర్ చూసే మిషన్ ఉంది కదా, అమ్మ దాన్ని బాగా నేర్చుకుంది. నా వేలు పట్టుకుని తనే పొడుస్తుంది. వారం రోజులుగా అంకెలు బాగా తక్కువగా వస్తున్నాయి. తినకపోతే తక్కువగాక ఏమవుతాయి? అమ్మ ముఖం వెలిగిపోయింది. వీధిలో కనబడ్డవాళ్ళకల్లా చెబుతోంది. టైలరమ్మకి, చాకిరేవు మేస్త్రీకి, మామయ్యకి. "మా అత్తగారి పద్ధతి ముందు డాక్టర్లెంత!" ఆ మిషన్ నా రక్తాన్ని చూస్తుంది తప్ప బిడ్డని చూడదని చెప్పాను. "దానికి తెలీనిది నీకు తెలుసా?" అంది.

నిన్న స్కానింగ్‌కి వెళ్ళాం. అమ్మ అంకెల కాగితాన్ని డాక్టరమ్మ చేతికి బహుమతిలా ఇచ్చింది. ఆవిడ దాన్ని చూసి, స్కాను చూసి, అమ్మని చూసి అంది కదా, "నేను షుగర్ తగ్గించమన్నాను పెద్దమ్మా, బిడ్డని తగ్గించమనలేదు." ఉండాల్సిన దానికన్నా బిడ్డ చిన్నగా ఉందట. పొట్ట భాగం సన్నగా ఉందట. తిండి పెంచి రెండు వారాల్లో మళ్ళీ రమ్మంది. బయటికి రాగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా మెట్లు దించుతూ, "చిన్నగా ఉందట. విన్నావుగా? ఇక నాకు బెంగ లేదు" అంది. ఆ చెయ్యి ఎంత మెత్తగా పట్టుకుందో చెప్పలేను. తిడితే తిరిగి తిట్టేదాన్ని.

నీ దగ్గర్నుంచి ఆ ఒక్క మాట ఇంకా కావాలి.

ఉంటాను


జూలై 25

తల్లీ,

షుగర్ తగ్గిందని మీ అమ్మ రాసింది. ఆ రోజు మావాళ్ళందరికీ పాయసం వండి పెట్టాను. ఆ మర్నాడు నీ ఉత్తరం అందింది. ఏది నమ్మాలో తెలియక తల పట్టుకు కూచున్నాను. అల్లుడు వచ్చి ఏమైందన్నాడు. కాగితం ఇచ్చేశాను. చదివి, క్రేన్ ఎక్కకుండా నేరుగా ఆఫీసుకి వెళ్ళాడు. సెలవడిగాడు. ఈ నెల దాటితే గానీ ఇవ్వమన్నారు.

నువ్వడిగిన మాట మీ అమ్మకి రాయాలని మూడుసార్లు కూచున్నాను. "సగం కంచం వద్దు" అని రాయగానే మా అక్క ఉన్న ఆ గది తలుపు కళ్ళకి కడుతోంది. నేను రాశాక నీకేదన్నా అయితే? ఆ కాగితం నా చేతిరాతలో ఉంటుంది కదా. నా వల్ల కాలేదు. తిట్టుకో.

కానీ ఒక ఉపాయం చేశాను. నా పెళ్ళానికి నేను చెప్పలేనిది ఎదురింటి టైలరమ్మకి చెప్పగలను కదా. ఆవిడకి రాసి కొంత సొమ్ము పంపాను. నువ్వు సూది కోసం వెళ్ళినప్పుడల్లా ఉడికించిన గుడ్లు, రొట్టె, పాలు తయారుగా పెడుతుంది. అక్కడ తినేసి, మూతి తుడుచుకుని, ఇంటికొచ్చి సగం కంచం తిను. అమ్మ మనసూ కష్టపడదు, నీ కడుపూ నిండుతుంది. ఈ కాస్త రోజులు ఓర్చుకుంటే చాలు.

నేనూ ఒకప్పుడు అదే చేశాను. నువ్వు కడుపులో ఏడో నెల. మీ అమ్మ రాత్రిపూట గిన్నె అడుగు వేలితో తుడిచి నాకడం చూశాను. హోటల్ నుంచి గుడ్లు జేబులో పెట్టుకొచ్చేవాణ్ణి. స్నానాలగదిలో తలుపేసుకుని తినేది. నేను బయట నిలబడి గట్టిగా దగ్గేవాణ్ణి, మా అమ్మకి చప్పుడు వినబడకుండా. నాలుగైదు రోజులు సాగింది. తర్వాత తనే వెళ్ళి మా అమ్మకి చెప్పేసింది. ఎందుకు చెప్పిందో నేను అడగలేదు. మళ్ళీ తేలేదు.

నువ్వు మాత్రం చెప్పకు. మా తల్లివి కదూ.

మీ నాన్న


ఆగస్టు 2

నాన్నా,

నీ ఉపాయం మూడు రోజులు నడిచింది.

టైలరమ్మ మంచిది. కుట్టుమిషన్ వెనక, గుడ్డముక్కల గుట్ట పక్కన ఒక పీట వేసి తెర లాగేది. నేను నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే గుడ్డు నోట్లో కుక్కుకుని నమలకుండా మింగేదాన్ని. తెర అవతల ఎవరో కొలతలు ఇస్తూ నవ్వుతుండేవారు. కడుపులో బిడ్డని పెట్టుకుని దొంగతిండి తినడం ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. బయట దగ్గుతూ నిలబడ్డవాడివి.

నాలుగో రోజు అమ్మ వడ్డించేటప్పుడు గీత గియ్యలేదు. మనసు మారిందేమో అనుకున్నాను. గరిటెడు వేసి ఆగిపోయింది. "అక్కడ గుడ్లు తిన్నావుగా. ఇక్కడికి ఇది చాలు." టైలరమ్మే చెప్పిందో, వాసనే పట్టిందో.

మొన్న రెండో స్కాను. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. కానీ రెండు వారాల్లో పెరగాల్సినంత పెరగలేదు. డాక్టరమ్మ ఈసారి అమ్మతో మాట్లాడలేదు. నన్ను లోపలికి పిలిచి, "ఇంట్లో తినడానికి కుదురుతోందా? కుదరకపోతే చెప్పు, వేరే ఏర్పాటు చూద్దాం" అంది. ఆలోచించి చెబుతానన్నాను.

ఇంటికొచ్చాక అమ్మని ఎదురుగా కూచోబెట్టుకుని అంతా చెప్పాను. కణాలు, కొవ్వు, లివరు, నా షుగరు, నా బిడ్డకి ముప్పై ఏళ్ళకో నలభై ఏళ్ళకో రాబోయేది. గొంతు పెంచలేదు. అమ్మ మొత్తం వింది. ఎప్పుడూ లేనిది మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక అంది:

"నేనూ ఆకలితోనే మోశానే నిన్ను. చచ్చానా? నువ్వు చచ్చావా?"

"చావలేదమ్మా. బతికి సూదులేసుకుంటున్నాను."

"బతికావు కదా."

ఆవిడకి తెలిసిన కొలత అదొక్కటే. అందులో నేను పాసయ్యాను.

అప్పుడు అడిగాను. "స్నానాలగదిలో గుడ్లు తినేదానివట కదా. నాన్న రాశారు."

అమ్మ పైట కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. తర్వాత నవ్వింది నాన్నా. చిన్నపిల్లలా.

"ఎంత బాగుండేదో ఆ గుడ్డు! ఉప్పు కూడా ఉండేది కాదు. ఇప్పటికీ నోట్లో ఉన్నట్టే ఉంటుంది."

"మరెందుకు చెప్పేశావు నాయనమ్మకి?"

"భయమేసింది. తిన్న ప్రతిసారీ నువ్వు లోపల పెరుగుతున్నట్టు తెలిసేది. పెరిగి నన్ను చీల్చేస్తావనిపించేది. మీ మేనత్త గదిలోనే కదా నేను పడుకునేది. చెప్పేశాక హాయిగా నిద్రపట్టింది."

నేను వెళ్ళి ఆవిడ పక్కన కూచున్నాను. భుజం మీద చెయ్యి వేశాను. ఇద్దరం అలాగే ఉన్నాం, చీకటి పడేదాకా. ఇక నెగ్గాననుకున్నాను. ఇంత చెప్పిన మనిషి ఇక ఎలా చేస్తుంది అనుకున్నాను. అమ్మ లేచి దీపం వేసి, వంట చేసి, రెండు కంచాలు పెట్టి, నా కంచంలో వడ్డించి, గరిటె అంచుతో మధ్యకి గీత గీసింది.

నాకు అప్పుడు తెలిసింది. ఇది ఆగకపోవడానికి కారణం అమ్మ దీన్ని తప్పని ఒప్పుకోకపోవడం కాదు. ఆ భయం నాకన్నా ముందే ఆవిడ లోపల తయారైపోయింది. దాన్ని నేను మాటలతో తీయలేను. నువ్వు ఉత్తరంతో తీసేవాడివేమో, ఇప్పుడా సంగతి తేల్చుకునే తీరిక నాకు లేదు. ఆవిడ పక్కన ఉన్నంతకాలం ఆవిడ భయమే నా కంచంలో పడుతుంది.

స్లైడ్ల అక్క గది ఆసుపత్రికి ఎదురుగా ఉంది. ఒక మంచం, ఒక పొయ్యి, తలుపు పడే ఫ్రిజ్. కింది అంతస్తే. డాక్టరమ్మకి నిన్న ఫోన్ చేసి చెప్పాను, అమ్మ పక్కన కూచుని వింటుండగానే. వారానికి రెండుసార్లు చూస్తానంది. అవసరమైతే వార్డులో చేర్చుకుంటుంది. మీ అల్లుడికి రాశాను. సెలవు దొరికితే నేరుగా అక్కడికే వస్తారు. టైలరమ్మకి నువ్వు పంపినదాంట్లో మిగిలింది ఆవిడ దగ్గరే ఉంది, అమ్మకి పాలు, గుడ్లు ఇవ్వమన్నాను. ఆవిడ చిక్కిపోయింది.

అమ్మకి చెప్పేశాను. ఏడవలేదు. "ఎవరు పొడుస్తారు నీ వేలు?" అంది. నేనే పొడుచుకుంటానన్నాను. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. రేపు పొద్దున అడిగి తలుపు తీయించుకుని, మెట్లు నేనే దిగుతాను.

బిడ్డ పుట్టేదాకా నేను అమ్మ చేతి వంట తినను.

నీ కూతురు